లేని పెట్టెకు బొమ్మ: డిజిటల్ ప్రోడక్ట్‌కి బాక్స్ కవర్ చేసిన నా అనుభవం

నా స్నేహితురాలు చిన్న వ్యాపారాల సరుకు లెక్కల కోసం స్ప్రెడ్‌షీట్ టెంప్లేట్లు తయారుచేసింది. వాటిని ఎలా వాడాలో చెప్పే వీడియో పాఠాలు, ఒక ఈబుక్ కూడా ఆ ప్యాక్‌లో ఉన్నాయి. అన్నీ కలిపితే ఒక జిప్ ఫైలు. అమ్మకానికి పెట్టే ముందు నా దగ్గరికి వచ్చి, "దీనికి ఏం బొమ్మ పెట్టాలి? స్క్రీన్‌షాట్ పెడితే చాలదా?" అని అడిగింది. పెట్టి చూశాం. చిన్న సైజులో గళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. ఏ టెంప్లేటో, ఎవరికి పనికొస్తుందో, లోపల వీడియోలు కూడా ఉన్నాయో లేదో ఏదీ తెలియలేదు. సరే, బాక్స్ చేద్దాం అన్నాను.

సాఫ్ట్‌వేర్ నిజంగానే అట్టపెట్టెల్లో అమ్ముడైన కాలం ఒకటి ఉంది. 1980ల్లో, 90ల్లో కొన్ని ఫ్లాపీలు లేదా ఒక సీడీ, లావుపాటి మాన్యువల్, రిజిస్ట్రేషన్ కార్డు కలిపి పెద్ద పెట్టెలో పెట్టేవాళ్ళు. చాలా పెట్టెల్లో సగం ఖాళీయే ఉండేది. షెల్ఫ్ మీద నిలబడి దూరం నుంచి వచ్చేవాళ్ళ కంట్లో పడటమే ఆ పెట్టెకు అసలు పని. తర్వాత సన్నటి డీవీడీ కేసులు వచ్చాయి. డౌన్‌లోడ్‌లు వచ్చాక పెట్టె అవసరమే లేకుండా పోయింది. కానీ పేరు, ఎవరి కోసం, లోపల ఏముంది అన్న మూడు సంగతులూ ఒక్క చూపులో చెప్పే అవసరం అలాగే ఉంది. బొమ్మలో బాక్స్ ఇప్పటికీ పనికొచ్చేది అందుకే.

అయితే ఇలాంటి బొమ్మల్లో చాలావాటిని చూడగానే ఇది కంప్యూటర్‌లో అతికించిందని తెలిసిపోతుంది. ఎందుకు తెలుస్తుందో మనం మాటల్లో చెప్పలేకపోయినా కన్ను పట్టేస్తుంది. ఆ కారణాలు ఒక్కొక్కటీ వెతికి పట్టుకోవడమే ఈ పనిలో నాకు బాగా నచ్చిన భాగం. మెరుపులు అద్దితే పెట్టె నిజం అనిపించదు. దానికి మందం ఉండాలి, నేల మీద బరువుగా ఆనాలి, దాని మీద పడే వెలుతురు ఒకే చోటి నుంచి రావాలి. నేను గంటలు గంటలు కూర్చున్నదంతా ఈ మూడింటి కోసమే.

ముందుగా కొలతలు తేల్చుకున్నాను. డిజైన్ మొదలుపెట్టాక కొలతలు మారిస్తే బొమ్మలన్నీ సాగిపోతాయి. కాబట్టి నిజంగా అట్ట కత్తిరించి పెట్టె చేస్తే ఎంత ఉండాలి అని ఆలోచించాను. డీవీడీ కేసు 190 మిల్లీమీటర్ల ఎత్తు, 135 వెడల్పు, సుమారు 14 మందం ఉంటుంది. ఒక్క వీడియో కోర్సుకైతే అది సరిపోతుంది. మా ప్యాక్‌లో మూడు రకాల సరుకు ఉంది కనుక కొంచెం పెద్ద పెట్టె అనుకుని 190 వెడల్పు, 240 ఎత్తు, 50 మందం తీసుకున్నాను. అంతకంటే లావు పెట్టె చేయడం నాకు ఇష్టం లేదు. ఇరవై పేజీల ఈబుక్‌కి ఇటుకంత పెట్టె చూపించేవాళ్ళు ఉంటారు. కొన్నవాళ్ళకు ఫైలు తెరవగానే మోసపోయామనిపిస్తుంది. బొమ్మలోని మందం కూడా ఒక మాట ఇవ్వడమే.

300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన ముందు అట్ట 2244 పిక్సెళ్ళ వెడల్పు, 2835 ఎత్తు. పక్కన స్పైన్, అంటే పెట్టె మందం కనిపించే ముఖం, 591 వెడల్పు, అదే ఎత్తు. చివరికి పేజీలో కనిపించే బొమ్మ ఇంత పెద్దది కాదు. కానీ పెద్దగా చేసి చివర్లో తగ్గిస్తే అక్షరాల అంచులు నున్నగా వస్తాయి. చిన్నగా చేసి పెంచితే ఎంత షార్పెన్ చేసినా మసక పోదు.

ముందు అట్ట డిజైన్ గురించి ఎక్కువ చెప్పను, అది ఎవరి అభిరుచి వాళ్ళది. నేను పట్టుబట్టింది ఒక్క విషయానికే. టైటిల్ మూడు నాలుగు మాటలు దాటకూడదు, బొమ్మను 150 పిక్సెళ్ళకు తగ్గించినా అది చదవగలగాలి. మొబైల్‌లో చూసేవాళ్ళకు మొదట కనిపించేది ఆ సైజే. నా స్నేహితురాలు అట్ట మీద పది పాయింట్లు రాయమంది. వాటిని పేజీలో బొమ్మ కింద రాసుకోమని చెప్పి, అట్ట మీద టైటిల్, ఒక చిన్న ఉపశీర్షిక, ఒక బొమ్మ మాత్రమే ఉంచాను. అట్ట మీద చిన్న అక్షరాలు పెట్టి ఏటవాలుగా తిప్పాక అవి ఎలాగూ చదవడానికి రావు.

తెలుగు అక్షరాలతో కవర్ చేసేవాళ్ళకు ఒక సంగతి. ఫొటోషాప్‌లో ఒత్తులు విడిపోయి, గుణింతాలు చెదిరి కనిపిస్తే ఫాంటును తిట్టుకోకండి. కొన్నేళ్ళ కిందటి వెర్షన్లయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగంలోకి వెళ్ళి టెక్స్ట్ ఇంజిన్‌ని వరల్డ్-రెడీ లేఅవుట్‌కి మార్చాలి. ఇంకా పాత వెర్షన్లలో దాని పేరు మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్. జింప్, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రాంలలో సాధారణంగా ఈ ఇబ్బంది రాదు. ఏ ప్రోగ్రాంలో చేసినా అట్ట మీది రాత అంతా ఫ్లాట్ డిజైన్‌లోనే పూర్తిచేసి, బొమ్మగా మార్చుకుని, ఆ తర్వాతే పెట్టె మీదికి ఎక్కించాలి. స్పైన్ మీద తెలుగు అక్షరాలను ఒకదాని కింద ఒకటి పేర్చే ఆలోచన వద్దు. ఒత్తులు, కొమ్ములు ఉన్న లిపి కాబట్టి చూడటానికి ఇరుకుగా ఉంటుంది. మొత్తం వరుసను 90 డిగ్రీలు తిప్పితే చక్కగా ఉంటుంది.

ఇక పెట్టె. రెడీమేడ్ మాకప్ ఫైళ్ళు, అంటే ముందే తయారుచేసిన ఖాళీ పెట్టె బొమ్మలు, దొరుకుతాయి. వాటిలో స్మార్ట్ ఆబ్జెక్ట్ అనే లేయర్ (పొర) ఉంటుంది. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే ఇంకో విండోలో ఫ్లాట్ అట్ట తెరుచుకుంటుంది. మన డిజైన్ అందులో పెట్టి సేవ్ చేస్తే చాలు, పెట్టె మీద దానంతట అదే సర్దుకుంటుంది. ఫొటోషాప్‌లో ఈ సదుపాయం 2005లో వచ్చిన సీఎస్2 నుంచి ఉంది. తొందరగా పని అవ్వాలంటే ఇదే మంచి దారి, ఇందులో తక్కువతనం ఏమీ లేదు. కాకపోతే మాకప్ పెట్టె కొలతలు మన కొలతలతో కలవకపోతే డిజైన్ సాగుతుంది లేదా నలుగుతుంది. వెలుతురు ఎటు నుంచి పడాలో మన చేతిలో ఉండదు. అదే మాకప్‌ను ఇంకా ఎంతోమంది వాడుతుంటారు. వాణిజ్యానికి వాడుకోవచ్చని లైసెన్సులో స్పష్టంగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. నాకు మాత్రం పెట్టె మొదటి నుంచి నా చేతుల మీదుగా రావాలని ఉంది. కాబట్టి ముందు జింప్‌లో చేత్తో చేశాను, తర్వాత 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో మళ్ళీ చేశాను. రెండూ ఉచితమే. చేత్తో చేసిన ఆ మొదటి పెట్టె నాకు నేర్పినంత ఇంకేదీ నేర్పలేదు.

అసలు చిక్కు పర్‌స్పెక్టివ్‌లో, అంటే దూరం దగ్గర తేడా చూపించడంలో ఉంది. చాలామంది ముందు అట్టను స్క్యూ చేసి (పక్కకు వాల్చి), స్పైన్‌ను ఇంకో వైపు స్క్యూ చేసి, రెండూ కలిపేస్తారు. స్క్యూ చేస్తే పైగీత, కింది గీత సమాంతరంగానే ఉండిపోతాయి. కానీ కంటికి దూరంగా జరిగే గీతలు ఎప్పుడూ దగ్గరవుతూ పోవాలి. ముందు అట్ట పైఅంచును, కింది అంచును అలాగే పొడిగిస్తే రెండూ ఎక్కడో ఒక బిందువు దగ్గర కలుస్తాయి. స్పైన్ అంచులు ఇంకో వైపున వేరే బిందువు దగ్గర కలుస్తాయి. ఆ రెండు బిందువులూ ఒకే అడ్డగీత మీద ఉండాలి. ఆ గీతే క్షితిజం, అంటే చూసేవాడి కంటి ఎత్తు. నేను వేరే లేయర్‌లో ఎర్రగీతలు గీసుకుని ఈ రెండు బిందువులనూ ముందే పెట్టుకున్నాను.

కంటి ఎత్తు ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించాల్సిన విషయమే. పెట్టె కంటే పైన పెడితే పైమూత కూడా కనిపిస్తుంది, అప్పుడు మూడో ముఖం కూడా డిజైన్ చేయాలి. నేను పెట్టె ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర పెట్టాను. దాంతో పైఅంచు దూరం వెళ్ళేకొద్దీ కొద్దిగా కిందికి, కింది అంచు కాస్త ఎక్కువగా పైకి వాలుతాయి. పైమూత కనపడదు. పెట్టె ఎదురుగా బల్ల మీద నిలబడినట్టు ఉంటుంది. నిలువు గీతలను మాత్రం నిటారుగానే ఉంచాను. వస్తువులను ఫొటో తీసేవాళ్ళు కెమెరాను కిందికి వంచకుండా, లెన్సును పైకీ కిందికీ జరిపే షిఫ్ట్ లెన్సులు వాడి నిలువు గీతలను ఇలాగే కాపాడుకుంటారు.

పెట్టెను ఎంత తిప్పాలి అన్నదానికి చిన్న లెక్క ఉంది. ముందు అట్టను 30 డిగ్రీలు తిప్పితే దాని వెడల్పులో 0.866 వంతు కనిపిస్తుంది, స్పైన్ మందంలో సగం కనిపిస్తుంది. మా కొలతలతో అయితే 190లో 165 దాకా, 50లో 25. సరిగ్గా 45 డిగ్రీలు తిప్పితే రెండూ 0.707 వంతే, అంటే 134, 35. అమ్మకానికి ముందు అట్ట ముఖ్యం కనుక 30 దగ్గరే ఆగాను. ఈ లెక్క వేయకుండా స్పైన్‌ను కంటికి తోచినంత వెడల్పుగా పెడితే పెట్టె మందం ఎక్కడో తేడాగా ఉందని చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. కెమెరా దగ్గరగా ఉంటే ఈ అంకెలు కాస్త మారతాయి, కానీ మొదలుపెట్టడానికి ఇవి చాలు.

జింప్‌లో పర్‌స్పెక్టివ్ టూల్‌తో నాలుగు మూలలూ పట్టుకుని లాగాను. నాలుగు మూలలు ఎక్కడికి వెళ్ళాలో చెబితే చాలు, మధ్యలో ఉన్న ప్రతి చుక్క ఎక్కడికి వెళ్ళాలో గణితం ఖాయం చేసేస్తుంది. దూరంగా ఉన్న సగం ఇరుకుగా, దగ్గరి సగం వెడల్పుగా వస్తాయి. సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి నేను చేసింది ఒకటే. తిప్పిన అట్ట మీద మూల నుంచి మూలకు రెండు కర్ణాలు గీసి అవి కలిసిన చోటు చూశాను. ఫ్లాట్ డిజైన్‌లో నడిమధ్యన ఉన్న చుక్క సరిగ్గా అక్కడే పడాలి. జింప్‌లోనే ఫిల్టర్స్‌లో మ్యాప్ ఆబ్జెక్ట్ అని ఒకటి ఉంది. ఆరు ముఖాలకూ ఆరు బొమ్మలిస్తే నేరుగా పెట్టె చేసి ఇస్తుంది. ఆలోచన బాగుందో లేదో గబగబా చూసుకోవడానికి అది మంచిదే. చివరి బొమ్మకు దాని నాణ్యత నాకు చాలలేదు.

రెండు ముఖాలు కలిసే నిలువు అంచు దగ్గర ఒక సన్నని తెల్లగీత వస్తుంది. రెండు లేయర్ల అంచుల్లోనూ సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్ళు ఉంటాయి. వాటి మధ్యలోంచి వెనక ఉన్న రంగు తొంగిచూస్తుంది. ముఖాల కింద ముదురు రంగుతో అదే ఆకారపు లేయర్ ఒకటి వేస్తే ఆ గీత పోతుంది. ఇంత చిన్న విషయం ఎందుకు చెబుతున్నానంటే, కన్ను మొదట పట్టేది ఆ అంచునే. నిజమైన అట్టపెట్టె మూల కత్తి అంచులా ఉండదు. అట్ట మడత దగ్గర ఓ అర మిల్లీమీటరు గుండ్రదనం ఉంటుంది. అక్కడ వెలుతురు పడి సన్నటి మెరుపు గీత కనిపిస్తుంది. ముదురు రంగు అట్టలైతే మడత దగ్గర సిరా పగిలి లోపలి తెల్లటి కాగితం కూడా కాస్త కనిపిస్తుంది. రెండు మూడు పిక్సెళ్ళ వెడల్పున లేతరంగు గీత గీసి, కొంచెం బ్లర్ చేసి, కిందున్న రంగును వెలిగించే స్క్రీన్ మోడ్‌లో పెట్టాను. పైనుంచి కింది దాకా ఒకే మోతాదులో ఉండకుండా, లేయర్‌లో కొంత భాగాన్ని దాచే మాస్క్‌తో అక్కడక్కడా తగ్గించాను. నా కంటికి ఈ బొమ్మలో పెద్ద మార్పు తెచ్చింది ఈ గీతే.

తర్వాత వెలుతురు. నాది ఎడమ వైపు, ముందు నుంచి, కాస్త పైనుంచి వచ్చే వెలుతురు అని కాగితం మీద బాణం గీసి పెట్టుకున్నాను. ఏ లేయర్ చేసినా ఆ బాణం చూసే చేశాను. ముందు అట్ట ఎడమవైపు తిరిగి ఉంది కనుక దానిమీద వెలుతురు ఎక్కువ, కుడివైపున్న స్పైన్ మీద తక్కువ. ఎంత తక్కువన్నదానికీ ఒక నియమం ఉంది. 1760లో లాంబెర్ట్ చెప్పిన కొసైన్ సూత్రం ప్రకారం మెరుపులేని తలం మీద పడే వెలుతురు, ఆ తలం ఎంత ఏటవాలుగా ఉందో అంతకు తగ్గట్టు తగ్గుతుంది. నేను లెక్కకట్టలేదు, కానీ స్పైన్‌ను ధైర్యంగా ముదురు చేయడానికి ఆ సూత్రం తోడ్పడింది. కిందున్న రంగును ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో నీడ లేయర్ వేసి, ముందు అట్ట కంటే మూడో వంతు వెలుతురు తగ్గేదాకా తెచ్చాను. చాలామంది స్పైన్ మీది రాత బాగా కనిపించాలని దాన్ని కూడా అంతే వెలుగుతో ఉంచుతారు. అక్కడే పెట్టె విడిపోయి రెండు కాగితాలైపోతుంది.

ముందు అట్ట మొత్తం ఒకే వెలుతురుతో ఉన్నా నిజం అనిపించదు. దీపానికి దగ్గరగా ఉన్న మూల నుంచి ఎదుటి మూలకు చాలా లేత గ్రేడియెంట్, అంటే మెల్లగా మారే ఛాయ వేశాను. గ్రేడియెంట్ లేతగా ఉన్నప్పుడు 8 బిట్ బొమ్మల్లో పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. దానిమీద ఒకటి రెండు శాతం నాయిస్ (సన్నటి చుక్కలు) చల్లితే పట్టీలు కలిసిపోతాయి, పైగా అట్టకు కాగితపు గరుకుదనం కూడా వస్తుంది. అట్ట మీద అడ్డంగా తెల్లటి మెరుపు పట్టీ వేసే అలవాటు ఒకటి బాగా వ్యాపించింది. నేను వేయలేదు. అలాంటి మెరుపు రావాలంటే ఎదురుగా పొడవాటి కిటికీ లాంటిది ఉండాలి. నా బొమ్మలో వెలుతురు వచ్చే దారి అది కాదు.

ఇక నీడ దగ్గరికి వస్తే, దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. లేయర్ స్టైల్‌లో ఉండే డ్రాప్ షాడో ఈ పనికి పనికిరాదు. అది పెట్టె ఆకారాన్నే వెనక్కి జరిపి మసకగా చూపిస్తుంది, అంటే గోడకు ముందు గాల్లో వేలాడే కాగితానికి పడే నీడ అది. నేల మీద నిలబడ్డ వస్తువు నీడ దాని పాదం దగ్గర మొదలై నేల మీద పరుచుకోవాలి. నేను మూడు లేయర్లుగా వేశాను. మొదటిది పెట్టె కింది అంచును అంటిపెట్టుకుని, సన్నగా, బాగా ముదురుగా, దాదాపు బ్లర్ లేకుండా ఉండేది. పెట్టె బల్లకు ఆనిన చోట వెలుతురు దూరలేదు కనుక అక్కడ ముదురుగా ఉంటుంది. పెట్టెకు బరువు ఇచ్చేది ఇదే. ఈ లేయర్ ఆపేసి చూస్తే పెట్టె వెంటనే గాల్లోకి లేస్తుంది. రెండోది కుడివైపు వెనక్కి ఏటవాలుగా పరుచుకునే అసలు నీడ. పాదం దగ్గర అంచు స్పష్టంగా ఉండి, దూరం పోయేకొద్దీ మసకబారి, పలచబడాలి. ఒకే నీడను రెండు కాపీలు చేసి, ఒకదానికి తక్కువ, ఇంకోదానికి ఎక్కువ గాసియన్ బ్లర్ ఇచ్చి, గ్రేడియెంట్ మాస్క్‌తో రెండింటినీ కలిపాను. మూడోది పెట్టె చుట్టూ చాలా పెద్దగా, కనీకనపడనంత పలచగా ఉండేది. గదిలోని వెలుతురును పెట్టె కొంత అడ్డుకుంటుంది కదా, అది.

నీడ రంగు ఎప్పుడూ పచ్చి నలుపు కాదు. నేల లేత నీలం అయితే నీడ ముదురు నీలం అవ్వాలి. నేల రంగునే తీసుకుని బాగా ముదురు చేసి మల్టిప్లైలో వాడాను.

నిగనిగలాడే బల్ల మీద పెట్టినట్టు కింద ప్రతిబింబం వేద్దామని నా స్నేహితురాలికి ఉంది. దానిలో ఒక మెలిక ఉంది. పెట్టె బొమ్మను మొత్తంగా తలకిందులు చేసి కింద పెడితే కుదరదు. ముందు అట్ట కింది అంచు ఒక వైపు వాలి ఉంది, స్పైన్ కింది అంచు ఇంకో వైపు వాలి ఉంది. తిరగేస్తే ఆ వాలులు ఎదురుబొదురై, మూల దగ్గర మాత్రమే అంటుకుని, రెండు పక్కలా సందు పడుతుంది. రెండు ముఖాలనూ విడివిడిగా తిప్పి, ఒక్కోదాన్ని దాని అసలు కింది అంచుకు సరిగ్గా ఆనేలా మళ్ళీ మూలలు లాగాలి. ఆ అంచులన్నీ ముందు పెట్టుకున్న ఆ రెండు బిందువుల వైపే పోవాలి. చేశాను, వచ్చింది. చివరికి ప్రతిబింబాన్ని పది శాతం లోపే ఉంచి, కిందికి వెళ్ళేకొద్దీ మాయమయ్యేలా చేశాం. అంతకంటే ఎక్కువైతే చూపు టైటిల్ మీద నుంచి జారి కిందికి వెళ్తోంది.

ఈ బొమ్మతోనే పని జరిగిపోయేది. కానీ ఇంకో కోణంలో కూడా కావాలన్నప్పుడు ఇదంతా మళ్ళీ చేయాలి. అందుకని బ్లెండర్‌కి వెళ్ళాను. తెరవగానే తెర మధ్యన ఒక క్యూబ్ సిద్ధంగా ఉంటుంది. సైడ్ ప్యానెల్‌లో దాని కొలతలు మన పెట్టె కొలతల నిష్పత్తికి మార్చి, వెంటనే స్కేల్‌ను అప్లై చేయాలి. అది చేయకపోతే తర్వాత వేసే బెవెల్ (అంచుల గుండ్రదనం) ఒక వైపు లావుగా, ఒక వైపు సన్నగా వస్తుంది. ముందు ముఖానికి ఒక మెటీరియల్, స్పైన్‌కి ఒకటి, మిగతా వాటికి ఒకటి ఇచ్చి అట్ట బొమ్మలను ఇమేజ్ టెక్స్చర్లుగా తగిలించాను. బొమ్మ పక్కకు తిరిగి వస్తే, బొమ్మను ముఖం మీద సర్దే యూవీ ఎడిటర్‌లో ఆ ముఖాన్ని తిప్పుకోవాలి.

జింప్‌లో చేత్తో గీసిన అంచు మెరుపును ఇక్కడ బెవెల్ మాడిఫయర్ ఇస్తుంది. అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వెడల్పు, మూడు సెగ్మెంట్లు పెట్టాను. ఆ మాడిఫయర్‌లోనే మెటీరియల్ ఇండెక్స్ అని ఉంటుంది. దాంతో మడతలకు మాత్రం కొంచెం లేత రంగు కాగితం మెటీరియల్ ఇవ్వొచ్చు. ముందు ముఖాన్ని భాగాలు చేసి మధ్యలో జుట్టంత ఉబ్బు ఇచ్చాను. నిజమైన పెట్టెల అట్ట అద్దంలా చదునుగా ఉండదు. ఆ ఉబ్బు విడిగా కనిపించదు గానీ, మెరుపు దానిమీద సాగిన తీరు వల్ల అట్ట అట్టలా ఉంటుంది. రఫ్‌నెస్ (గరుకుదనం) 0.4 దగ్గర పెడితే మ్యాట్ లామినేషన్ చేసినట్టు వచ్చింది.

కెమెరా ఫోకల్ లెంగ్త్ మొదట 50 మిల్లీమీటర్లు ఉంటుంది. దాన్ని 85కి మార్చి కెమెరాను వెనక్కి జరిపాను. దగ్గరి నుంచి వెడల్పు లెన్సుతో తీస్తే దగ్గరి మూల పొడుచుకొచ్చి, పెట్టె భవనంలా కనిపిస్తుంది. చేతిలో పట్టుకునే వస్తువు అనిపించాలంటే దూరం నుంచి పొడవు లెన్సుతో తీయాలి. కెమెరాను వంచకుండా షిఫ్ట్ వై విలువ మార్చి పెట్టెను ఫ్రేమ్ మధ్యకు తెచ్చాను. నిలువు గీతలు నిలువుగానే ఉన్నాయి.

అసలు దీపం ఒకటే, పెద్ద ఏరియా లైటు, ఎడమ ముందు పైన. ఏరియా లైటు ఎంత పెద్దదైతే నీడ అంచు అంత మెత్తగా వస్తుంది. కుడివైపున చాలా తక్కువ పవర్‌తో ఇంకోటి, స్పైన్ మీద రాత కాస్త చదవడానికి. నేను గంటలకొద్దీ మూడు లేయర్లుగా కట్టిన నీడను బ్లెండర్‌లో చివరి బొమ్మను లెక్కకట్టే సైకిల్స్ ఇంజిన్ తనంతట తానే వేసింది. చూసి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే పాదం దగ్గర ముదురు, దూరాన మసక అన్నీ నేను చేత్తో వేసిన చోటే ఉన్నాయి. నేలకు ఒక ప్లేన్ పెట్టి దానికి షాడో క్యాచర్ టిక్ చేసి, ఫిల్మ్ సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌పరెంట్ పెడితే నేల కనపడదు, నీడ మాత్రం మిగులుతుంది. ఆ బొమ్మను ఏ రంగు పేజీ మీదైనా పెట్టుకోవచ్చు.

రెండర్ చేయగానే, అంటే చివరి బొమ్మ తీయగానే, మా ఎరుపు వెలిసిపోయినట్టు వచ్చింది. నా స్నేహితురాలు "ఇది మన రంగు కాదు" అని చూడగానే చెప్పింది. కారణం కలర్ మేనేజ్‌మెంట్‌లో ఉంది. బ్లెండర్ కొత్త వెర్షన్లలో రంగులను తెర మీద ఎలా చూపాలో నిర్ణయించే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ ఏజీఎక్స్ అని ఉంటుంది, అంతకు ముందు ఫిల్మిక్ ఉండేది. సినిమా దృశ్యాల్లో అతి వెలుగును మెత్తగా చూపడానికి అవి మంచివి. అట్ట మీది రంగు ఉన్నది ఉన్నట్టు రావాలంటే దాన్ని స్టాండర్డ్‌కి మార్చాలి. మార్చాక వెలుతురు ఎక్కువైన చోట తెల్లగా పేలిపోకుండా లైటు కాస్త తగ్గించాను. ఏఐతో పెట్టె బొమ్మ చేయించుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళున్నారు. వెనక ఉండే బల్ల, గది లాంటివాటికి వాడుకోవచ్చు. కానీ అట్ట మీద మన అక్షరం, మన రంగు ఒక్క చుక్క కూడా మారకూడదు. ఆ హామీ టెక్స్చర్‌గా ఎక్కించిన బొమ్మే ఇస్తుంది.

ఎక్స్‌పోర్ట్ పెద్ద పనేం కాదు. పారదర్శకత కావాలంటే జేపెగ్ కుదరదు, దానిలో ఆ సదుపాయమే లేదు. పీఎన్‌జీలో ఉంది గానీ ఇలాంటి బొమ్మకు ఫైలు బరువెక్కుతుంది. వెబ్‌పీలో పారదర్శకతా ఉంటుంది, బరువూ తక్కువే. ఒరిజినల్‌ని పీఎన్‌జీగా దాచుకుని, పేజీకి వెబ్‌పీ ఇచ్చాను. కలర్ ప్రొఫైల్ వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ ఉండాలి. సగానికి తగ్గించాక చాలా కొద్దిగా షార్పెన్ చేశాను.

అట్ట మీద పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి, వాటి విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. నిజంగా కనిపించాలని మూలన బార్‌కోడ్ పెడుతుంటారు. పదమూడు అంకెల ఆ సంఖ్యను జీఎస్1 అనే సంస్థ ద్వారా తీసుకోవాలి. మనం తోచినట్టు వేసిన అంకెలు ఇంకెవరి వస్తువువో కావచ్చు. కాబట్టి బార్‌కోడ్ వద్దు. అమ్మకం మొదలవకముందే బెస్ట్ సెల్లర్ అన్న బంగారు ముద్ర వద్దు. టెంప్లేట్లు ఏ స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాంలో పనిచేస్తాయో మాటల్లో రాయొచ్చు, ఆ కంపెనీ లోగో తెచ్చి అట్ట మీద వేయకూడదు. ఫాంటు, బొమ్మ ఏది వాడినా దాని లైసెన్సు చదవాలి.

బొమ్మ బాగా వచ్చేకొద్దీ ఇంకో బాధ్యత కూడా పెరుగుతుంది. పెట్టె నిజంగా ఉన్నట్టే కనిపిస్తే, ఇంటికి పెట్టె వస్తుందని అనుకునేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళు చదవలేదని వాళ్ళను అనలేం. "ఇది డౌన్‌లోడ్ చేసుకునే ఫైళ్ళ ప్యాక్. పెట్టె గానీ, డిస్క్ గానీ పంపబడవు" అన్న మాటను బొమ్మకు ఆనుకునే, కొనే బటన్ కంటే ముందే, మామూలు సైజు అక్షరాల్లో పెట్టించాను. బొమ్మను వేరేవాళ్ళు షేర్ చేసినప్పుడు పక్కనున్న వాక్యం వెంట రాదు కనుక, ముందు అట్ట కింద "డిజిటల్ డౌన్‌లోడ్" అని అట్టలో భాగంగానే ఒక పట్టీ వేశాను. డిజైన్ కాస్త బరువైంది, అయినా తీయలేదు. బొమ్మ చూడలేనివాళ్ళ కోసం ఆల్ట్ టెక్స్ట్‌లో కూడా టైటిల్‌తో పాటు అదే మాట రాశాం.

ఆ ప్యాక్ పేజీలో ఇప్పుడు పెట్టె బొమ్మ మొదట ఉంది, దాని తర్వాత స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. నా స్నేహితురాలు రెండో ప్యాక్ మొదలుపెట్టింది. అది ఒక్క ఈబుక్, రెండు టెంప్లేట్లు మాత్రమే. బ్లెండర్ ఫైలు అలాగే ఉంది కాబట్టి కెమెరా, దీపాలు ముట్టుకోకుండా టెక్స్చర్లు మార్చి, పెట్టె మందాన్ని 50 నుంచి 15కి తగ్గించాను. స్పైన్ ఇంత సన్నబడ్డాక దానిమీద టైటిల్ ఏ సైజులో పెడితే చదవగలమో ఇప్పుడు చూస్తున్నాం.